శుక్రవారం గొంతు

మా వంటగదికి కిటికీ పెట్టించమని నేను మూడేళ్ళు మొత్తుకున్నాను. ఎవరూ చెవిన పెట్టలేదు. చనిపోయి అయిదేళ్ళయిన మా తోడికోడలు ఒక శుక్రవారం సాయంత్రం ఒక్క మాట అడిగింది. సోమవారానికల్లా తాపీమేస్త్రీ వచ్చి గోడ పగలగొట్టాడు. ఇప్పటికీ ఆ కిటికీ దగ్గరే నిలబడి పప్పు కడుగుతాను. గాలి బాగానే వస్తుంది. నా కడుపుమంట మాత్రం చల్లారలేదు.

మాది రాయగడలో చింతపండు, పసుపు టోకు వ్యాపారం. కింద షాపు, వెనక గోడౌను, పైన ఇల్లు. నేను పెద్దకోడల్ని. మా ఆయన మల్లేశ్వరరావు గుడారి, బంధుగాం, ఎక్కడ సంత అయితే అక్కడికి లారీ వేసుకుని పోయి సరుకు కొంటాడు. ఇంట్లో ఉండేది తక్కువ. షాపులో కూర్చునేది మా మరిది ధనుంజయ్. అందరి మీదా పెత్తనం మా అత్తగారు గురువమ్మది.

ధనుంజయ్ మొదటి భార్య విజయదుర్గ. తొంభై అయిదులో దసరా ముందర ఆమెకి చలిజ్వరం వచ్చింది. ఈ ఊళ్ళో చలిజ్వరం రాని మనిషి లేడు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. పండగ బేరాల రోజుల్లో షాపు వదిలేసి ఆసుపత్రి చుట్టూ ఎవరు తిరుగుతారని మా అత్తగారు మిరియాల కషాయం కాచి ఇచ్చింది. జ్వరం మెదడుకెక్కింది. తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. కూతురు బుల్లికి అప్పుడు నాలుగేళ్ళు.

ముత్తయిదువుగా పోయింది కాబట్టి దుర్గ మా ఇంటి పేరంటాలు అయింది. ముందుగదిలో పటం పెట్టి ప్రతి శుక్రవారం దీపం వెలిగిస్తాం. ఇంట్లో ఎవరికి కొత్త చీర వచ్చినా ముందు ఆ పటం దగ్గర పెట్టి, ఆ తర్వాతే కట్టుకోవాలి. రెండేళ్ళకి సాలూరు నుంచి కిరణ్మయిని తెచ్చి ధనుంజయ్‌కి మళ్ళీ పెళ్ళి చేసినప్పుడు, దుర్గ మెడలో ఉండిన బంగారు గుండు ఒకటి తీసి కిరణ్మయి పుస్తెలతాడులో గుచ్చారు. పోయినావిడకి కోపం రాకూడదని మా ఇంట్లో అలా చేస్తారు. ఉన్నావిడకి కోపం వస్తుందేమో అని అడిగే ఆనవాయితీ లేదు.

కిరణ్మయి వచ్చినప్పుడు నోరు మూత పడేది కాదు. కొంచెం బొద్దుగా, తేనె రంగులో ఉండే పిల్ల. గొంతు కూడా కాస్త మందంగా, వెచ్చగా ఉండేది. రెండేళ్ళు బాగానే ఉంది. తర్వాత మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. ముందు జలుబన్నారు. క్రమంగా ఏ మాట మొదలుపెట్టినా ఎవరో మెడ పట్టుకుని నొక్కుతున్నట్టు అయిపోయేది. "అ...క్కా, నీ...ళ్ళు" అనడానికి ముఖం ఎర్రబడేది, మెడ నరాలు ఉబ్బేవి. వినేవాళ్ళకే ఊపిరాడేది కాదు. వింతేమిటంటే నవ్వితే మామూలుగానే నవ్వేది. తుమ్మితే మామూలుగానే తుమ్మేది.

రాయగడ డాక్టరు నీరసం అన్నాడు. కొరాపుట్ పెద్దాసుపత్రిలో గొంతులోకి అద్దం పెట్టి చూసి, అంతా శుభ్రంగా ఉంది, బెంగ పెట్టుకుందేమో అన్నారు. గుడారి వైపు నుంచి వచ్చిన గుణియా, భూతవైద్యుడు ఒకడు కోడిని కోయించి మెడకి నల్లదారం కట్టాడు. మా అత్తగారు, "నోరున్న పిల్లని తెస్తే మూగదైపోనాది. నా కర్మ" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ధనుంజయ్ చెడ్డవాడేం కాదు. కానీ భార్య మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక అతనికి ఉండేది కాదు. ఆమె సగంలో ఉండగానే, "సర్లే, తెలిసింది" అని షాపులోకి దిగిపోయేవాడు. అతనికి ఏం తెలిసిందో అతనికే తెలియాలి.

అలా ఏడాది గడిచాక ఒక శుక్రవారం సాయంత్రం బుల్లి పటం ముందు కూర్చుని దీపం ఒత్తి ఎగదోస్తోంది. పరికిణీ అంచు మంట మీదికి జారింది. మా అత్తగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. నేను గుమ్మం అవతల ఉన్నాను, చూడలేదు. చూసింది కిరణ్మయి. అరవాలి. ఆ గొంతుతో ఎలా అరుస్తుంది? భయంలో గొంతు ఎక్కడికో పైకి పోయింది.

"బుల్లీ! దీపం! లెగు!"

సన్నటి గొంతు. చిన్నపిల్లలు ఏడ్చే శ్రుతిలో, ఎక్కడా తెగకుండా, గాజు మీద గోరు గీసినట్టు వచ్చింది. బుల్లి ఎగిరి పక్కకి దూకింది. పరికిణీ అంచు కొంచెం కమిలింది, అంతే. మా అత్తగారు మాత్రం చేతులు జోడించినవి జోడించినట్టే ఉంచి కిరణ్మయి వైపు తిరిగింది. ఆమె ముఖంలో రక్తం లేదు.

"దుర్గా? నువ్వేనా అమ్మీ? బిడ్డని కాసుకోడానికి వొచ్చేవా?"

కిరణ్మయి నా వైపు చూసింది, బుల్లి వైపు చూసింది. తర్వాత అదే సన్నగొంతుతో, "నానే అత్తా" అంది.

ఎందుకలా అన్నావని తర్వాత వంటగదిలో నేను మెడ మీద కూర్చుని అడిగాను. చాలాసేపు పట్టింది చెప్పడానికి. ఏడాదిగా ఒక్క మాటా ముక్కలవకుండా బయటికి రాలేదట. వచ్చిన మాటకి కాదంటే, అది మళ్ళీ రాదేమోనని భయమేసిందట. నేను కోప్పడదామనుకున్నాను. గ్లాసుడు మంచినీళ్ళు అందించాను.

ఇంక ప్రతి శుక్రవారం అదే. పటం ముందు పీట వేసి కిరణ్మయిని కూర్చోబెట్టేవారు. దుర్గ చీర ఒకటి భుజాల మీద కప్పేవారు. మా అత్తగారు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, "ఆ రోజు ఆసుపత్రికి ఎల్లనివ్వనేదు, నన్ను సమించు అమ్మీ" అని ఏడ్చేది. "నీ తప్పు నేదు అత్తా, నా ఆయుష్షు అంతే" అని సన్నగొంతు జవాబిచ్చేది. అయిదేళ్ళుగా సరిగ్గా నిద్రపోని మనిషి ఆ రాత్రి నుంచి గురకపెట్టి నిద్రపోయింది. బుల్లి ఒళ్ళో తలపెట్టుకుని బళ్ళో సంగతులన్నీ చెప్పేది. సన్నగొంతు బుల్లిని చదువు మాన్పించవద్దంది, మాన్పించలేదు. వంటగదికి కిటికీ పెట్టించమంది, పెట్టించారు. నేను నమ్మలేదని మాత్రం చెప్పను. వంటగదిలో కిరణ్మయి నాతో నిజం చెప్పిన తర్వాత కూడా, శుక్రవారం దీపం పెట్టేవేళకి నా వీపు మీద చన్నీళ్ళు పోసినట్టే ఉండేది. అంత శుభ్రంగా, అంత దగ్గరగా వచ్చేది ఆ గొంతు. కిరణ్మయికి మాత్రం ఎలా తెలుసు అది తనదేనని? ఈ మాట అడిగి ఆమెని భయపెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను.

అందరికంటే మారింది ధనుంజయ్. శుక్రవారం షాపు తొందరగా కట్టేసి వచ్చి, స్నానం చేసి, ఆ పీట ఎదురుగా కూర్చునేవాడు. "దుర్గా" అని పిలిచేవాడు. అతని నోట అంత మెత్తటి పిలుపు నేను ఎప్పుడూ వినలేదు, దుర్గ బతికున్నప్పుడు కూడా. అన్నదమ్ముల మధ్య మాటలు, షాపులో చికాకులు, తనకి ఛాతీలో అప్పుడప్పుడు వచ్చే పోటు, అన్నీ ఆ గొంతుకి చెప్పుకునేవాడు. అది "అలాగా, భయపడకు" అంటే కళ్ళు తుడుచుకునేవాడు. శనివారం పొద్దున్న అదే మనిషి, అదే భార్యతో, "పులుసులో ఉప్పు సాల్లేదు" అనేవాడు. అంతకు మించి ఆమెతో ఒక్క మాట లేదు.

ఒకరోజు చింతపండు గింజ తీస్తూ కిరణ్మయి నాతో అంది. దాన్ని నేను మామూలుగా రాసేస్తున్నాను గానీ, ఆమె అది పూర్తిచేసేసరికి పక్కన గింజలు కుప్ప పడ్డాయి.

"అక్కా, మా ఆయన వారానికోపాలి ఆడి పెళ్ళాంతో మాటాడతాడు. ఆ పెళ్ళాం నాను కాదు. ఇలగే ఉంటే నాను అంటూ ఒకర్తిని ఉన్నానని నానే మరిసిపోతాను. నా గొంతు నాకు కావాల. ముక్కలైనా సరే, నాదై ఉండాల."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. రెండువేల రెండులో నా మోకాలు చూపించుకోవాలని వంక పెట్టి, తోడు కావాలని కిరణ్మయిని విశాఖపట్నం తీసుకెళ్ళాను. మా తమ్ముడు రైల్వేలో పని చేస్తాడు. వాడు కనుక్కుని ఒక గొంతు డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

ఆవిడ ముందు కిరణ్మయిని పేరు చెప్పమంది. పేరు ఆరు ముక్కలై వచ్చింది. నవ్వమంది. దగ్గమంది. ఏదైనా పాడమంది. కిరణ్మయి హారతి పాట ఒక చరణం పాడింది, ఒక్కచోట కూడా తెగలేదు. నాకు ఆశ్చర్యం. డాక్టరమ్మకి కాలేదు. ఎదురుచూసినట్టే తల ఊపి, "ఇప్పుడు గొంతు బాగా సన్నం చేసి, చిన్నపిల్లలాగా మాట్లాడు" అంది.

కిరణ్మయి నా చెయ్యి పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

"భయమేం లేదు. నీ పేరే చెప్పు, సన్నగా."

"నా పేరు కిరణ్మయి. మాది సాలూరు. రాయగడలో ఉంటాం."

శుక్రవారం గొంతు. మంగళవారం పొద్దున్న పదకొండింటికి, ట్యూబులైటు కింద, పైన ఫ్యాను తిరుగుతుండగా. పటం లేదు, దీపం లేదు, భుజం మీద చీర లేదు. ఆ గొంతు మొదటిసారి తన పేరు కిరణ్మయి అని చెప్పింది. ఎవరైనా వింటున్నారేమోనని నేను గుమ్మం వైపు చూశాను. డాక్టరమ్మ మాత్రం కాగితం మీద ఏదో రాసుకుంటూ, "ఇదే గుర్తు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి మామూలు మాట పట్టేస్తుంది. శ్రుతి మారిస్తే చాలామందికి వదిలేస్తుంది" అంది.

జబ్బు పేరు డిస్టోనియా అట. గొంతులో రెండు తీగల్లాంటి కండరాలు ఉంటాయి, మాట్లాడేటప్పుడు మెల్లగా దగ్గరికి రావాలి, ఈమెకి మెదడు తప్పుగా పురమాయించడం వల్ల గట్టిగా బిగుసుకుంటున్నాయి అని విడమరిచి చెప్పింది. బెంగ కాదు, నటన కాదు, గాలి సోకడమూ కాదు అంది. కొందరికి ఇదే జబ్బు మెడలో వచ్చి తల పక్కకి తిరిగిపోతుందట, కొందరికి కనురెప్పలు మూసుకుపోతాయట. మందేమిటంటే ఒక విషం. పాడైన డబ్బా తిండిలో పుట్టే విషాన్ని శుద్ధి చేసి, చీమ తలంత మోతాదులో ఆ కండరంలోకి ఎక్కిస్తే అది కాస్త సడలుతుంది.

"మొదట ఒకటి రెండు వారాలు గాలి తప్ప గొంతు రాదు. నీళ్ళు మెల్లగా తాగాలి, పొలమారుతుంది. తర్వాత నీ మాట నీకొస్తుంది. మూడు నాలుగు నెలలుంటుంది. మందు దిగిపోతే మళ్ళీ బిగుసుకుంటుంది, మళ్ళీ రావాలి" అంది.

"ఆ సన్నగొంతు?" అని నేను అడిగాను.

"అదెందుకమ్మా ఇంక? కొన్నాళ్ళు పలకదు కూడా."

కిరణ్మయి నా వైపు చూడలేదు. బల్ల మీద పడుకుని మెడ పైకెత్తింది. సూది మెడ ముందు భాగంలోంచి లోపలికి దిగింది. సూదికి తీగ కట్టి ఉంది. ఆమె "ఈ" అన్నప్పుడల్లా పక్కనున్న యంత్రం రేకు కప్పు మీద వాన పడ్డట్టు చప్పుడు చేసింది. ఆ చప్పుడు బట్టి కండరం దొరికిందో లేదో చూసుకుని డాక్టరమ్మ మందు ఎక్కించింది. కిరణ్మయి కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నొప్పికి కాదేమో అనిపించింది నాకు.

రాయగడ చేరిన రెండు రోజులకి శుక్రవారం. పీట వేశారు, దీపం పెట్టారు. కిరణ్మయి పీట మీద కూర్చోకుండా గుమ్మంలో నిలబడి మెడ మీద చెయ్యి పెట్టుకుని, రాదని సైగ చేసింది. మాట్లాడితే ఊపిరి తప్ప ఏమీ లేదు. ఇంక దాచడం ఎందుకని జరిగింది నేనే చెప్పాను. మా అత్తగారు మొత్తం వినలేదు. విషం అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"విషం పొడిపించి నా కోడల్ని సంపీసేవా? ఒకపాలి నాను సంపేను. రెండోపాలి నువ్వు సంపేవు" అని గుండెలు బాదుకుంది. ఇంట్లో శవం ఉన్నట్టే ఏడ్చింది. బుల్లి మూలకి పోయి నిలబడింది.

ధనుంజయ్ నన్ను గోడౌనులోకి పిలిచాడు. కొట్టేలా ఉన్నాడనుకున్నాను. కొట్టలేదు. పసుపు బస్తా మీద కూర్చుని నేల చూస్తూ అన్నాడు.

"వొదినా, అది దుర్గ కాదని నాకు తెలుసు. మొదటిరోజే తెలుసు."

"తెలిసి ఏటి సేసేవు మరి? రెండేళ్ళు?"

"తెలిసే కూకున్నాను. అలగైనా వినిపిస్తంది గదా అని. దానికేటి పోయింది సెప్పు? మాట కావాలంటే ఆ గొంతుతోనే మాటాడుకోవచ్చు. ఎవులకి నష్టం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్తగారు నమ్మి ఏడ్చింది, ఆ ఏడుపు నాకు అర్థమవుతుంది. వీడు నమ్మకుండానే, కట్టుకున్న మనిషిని పీట మీద కూర్చోబెట్టి, చీర కప్పి, ఇంకో పేరు పెట్టి పిలిచాడు. "నష్టం నీ పెళ్ళానికిరా, నీ ఎదట బతికున్న పెళ్ళానికి" అని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను.

మూడో వారంలో కిరణ్మయికి గొంతు వచ్చింది. పొద్దున్నే వంటగదిలో, "అక్కా, పాలు పొంగుతున్నాయి" అంది. ఆ వెచ్చటి, మందపాటి పాత గొంతే. పాలు నిజంగా పొంగిపోయాయి, నేను స్టవ్వు ఆర్పకుండా ఆమెని పట్టుకుని ఏడుస్తున్నాను. ఆ రోజు ఆమె ఇల్లంతా తిరిగి అందరితోనూ మాట్లాడింది. మూడేళ్ళుగా కూడబెట్టుకున్న మాటలు కదా. మా అత్తగారు జవాబివ్వకుండా జపమాల తిప్పుకుంది. ధనుంజయ్ "ఊ" అని షాపులోకి దిగాడు. బుల్లి కొంతసేపు విని, "పిన్నీ, అమ్మ ఇంక రాదా?" అంది.

మూడు నెలలు అలా గడిచాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. కిరణ్మయి మాట్లాడుతున్న కొద్దీ ఇంకా నిశ్శబ్దంగా ఉండేది. శుక్రవారాలు దీపం వెలిగేది, ఖాళీ పీట ముందు తల్లీ కొడుకూ కూర్చునేవారు. మా అత్తగారికి అన్నం సయించడం మానేసింది. దుర్గ తన మీద మళ్ళీ కోపంతో వెళ్ళిపోయిందని అనుకునేది. జబ్బు సంగతి ఎన్నిసార్లు చెప్పినా చెవులు మూసుకునేది.

నాలుగో నెలలో ఒకరోజు కిరణ్మయి బుల్లికి జడవేస్తూ, "రిబ్బను ఎ...క్కడ" అంది. ఒక్కచోట తెగింది, అంతే. అవతల గదిలో మా అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. సాయంత్రానికి ఇంకో రెండు మాటలు తెగాయి. ధనుంజయ్ భోజనాల దగ్గర ఆమె వైపు చెవి వంచి విన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె మాట అతను అంత శ్రద్ధగా వినడం నేను చూడలేదు. ఆమె గొంతు పాడవుతున్న కొద్దీ ఆ ఇంట్లో ముఖాలు వికసించాయి. మా అత్తగారు రెండు ముద్దలు ఎక్కువ తింది. ధనుంజయ్ కొత్త చీర ఒకటి తెచ్చి పటం ముందు పెట్టాడు. కిరణ్మయి ఆ చీర వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. పులి ఎక్కడుందో తెలిసి అడవిలో నిలబడ్డ మనిషి చూపు అది.

"నన్ను తీ...సుకెల్లు అక్కా. రే...పే" అంది.

ధనుంజయ్ ఈసారి ఆగుదాం అన్నాడు. పండగ వెళ్ళాక చూద్దాం అన్నాడు. పండగ వెళ్ళాక చూద్దామని ఒక మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఇది, ఆ మాట వాడి ముఖం మీదే అనేశాను. మర్నాడు రైలెక్కాం. రెండోసారి సూది పడింది, మళ్ళీ గొంతు గాలి అయిపోయింది. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఈసారి నా చెయ్యి పట్టుకోలేదు.

ఇంటికి వచ్చిన వారంలో శుక్రవారం. సంజె చీకటి పడుతోంది. నేనూ, కిరణ్మయీ వంటగదిలో ఉన్నాం. ఆమె నీళ్ళు కొంచెం కొంచెంగా తాగుతోంది, పొలమారకుండా. ముందుగదిలోంచి వినిపించింది.

"నీ తప్పు నేదు అత్తా. నా ఆయుష్షు అంతే."

సన్నగొంతు. ఎక్కడా తెగలేదు.

నేను కిరణ్మయి వైపు చూశాను. ఆమె పెదాలు కదలడం లేదు. గ్లాసు చేతిలోనే ఉంది. ఆమె కూడా నా వైపే చూస్తోంది. కిరణ్మయి చెప్పిన నిజమంతా, డాక్టరమ్మ విడమరిచి చెప్పిందంతా ఆ క్షణంలో ఎగిరిపోయింది. దుర్గే వచ్చిందనుకున్నాను. తనని ఇంట్లోంచి తరిమింది నేనే కాబట్టి నా కోసమే వచ్చిందనుకున్నాను. కిరణ్మయి గ్లాసు పెట్టేసి ముందుగదిలోకి పరిగెత్తింది. వెనకే నేనూ వెళ్ళాను.

పీట మీద బుల్లి కూర్చుని ఉంది. పదకొండేళ్ళ పిల్ల. కొత్త చీర భుజాల మీంచి కప్పుకుంది, సగం నేల మీద జీరాడుతోంది. మా అత్తగారు దాని పాదాల మీద తల పెట్టి ఏడుస్తోంది. ధనుంజయ్ ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "దుర్గా, సెప్పు, ఇంకా సెప్పు" అంటున్నాడు. కన్నకూతుర్ని.

"భయపడకు. ఛాతీలో పోటు తగ్గిపోద్ది" అంది బుల్లి ఆ గొంతుతో. ఒక్క అక్షరం తేడా లేదు. కిరణ్మయి ఎలా అనేదో అలాగే, ఆగిన చోటే ఆగుతూ, అదే విరుపుతో.

కిరణ్మయి నోరు తెరిచింది. ఆపమని అరిచిందనే అనుకుంటున్నాను. గాలి మాత్రమే వచ్చింది. పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి అరిచింది, మెడ పట్టుకుని దగ్గు వచ్చేదాకా అరిచింది. ఎవరూ తల తిప్పలేదు. నేను అరవచ్చు. నా గొంతుకి ఏమీ కాలేదు. అయినా అరవలేదు.

ఆమె వెళ్ళి బుల్లి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులతో పిల్ల ముఖం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి ఊపిరితోనే చెప్పింది. నేను దగ్గరికి వెళ్ళాను కాబట్టి విన్నాను.

"అమ్మీ, అది మీ అమ్మ గొంతు కాదు. నాది. నాకు మాట రాక అలగ మాటాడేను."

"తెలుసు పిన్నీ" అంది బుల్లి, తన గొంతుతో. "మామ్మ అన్నం తినట్లేదు గదా. అందుకని."

మా అత్తగారు తల ఎత్తింది. ధనుంజయ్ కళ్ళు తెరిచాడు. ఎదురుగా చీర కప్పుకున్న తన కూతుర్ని అప్పుడే చూసినట్టు చూశాడు. బుల్లి చీర తీసేసి మడత పెడుతూ, మామూలుగా, బళ్ళో సందేహం అడిగినట్టు అడిగింది.

"మరి మా అమ్మ గొంతు ఎలగుండేది? నాకు గేపకం నేదు. సెప్పు నాన్నా, అలగే మాటాడతాను."

ధనుంజయ్ ఏదో చెప్పబోయి ఆగాడు. "సన్నగా..." అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. మా అత్తగారు, "సన్నగా కాదురా, కొంచెం బొంగురు. కాదు కాదు" అని ఆగిపోయింది. ఇద్దరూ నా వైపు చూశారు. నాకు తెలియాలి కదా. ఆరేళ్ళు ఒకే వంటగదిలో, ఒకే పొయ్యి దగ్గర పని చేశాం. దుర్గ నన్ను అక్కా అని పిలిచేది, బేరానికి వచ్చిన అమ్మలక్కలతో దెబ్బలాడేది, బుల్లిని జోకొట్టేది. ముక్కుపుడక గుర్తుంది. నడక గుర్తుంది. అన్నంలో మజ్జిగ పోసుకునే తీరు కూడా గుర్తుంది. గొంతు కోసం వెతికాను. అక్కా అని దుర్గ నన్ను పిలుస్తున్నట్టు తలుచుకున్నాను. నా చెవిలో పలికింది కిరణ్మయి సన్నగొంతే. దాని వెనక ఏమీ లేదు. చచ్చిపోయిన మనిషిని రెండేళ్ళు పిలిచి పిలిచి, ఆమె మా దగ్గర మిగిల్చిన కాస్తనీ మేమే చెరిపేసుకున్నాం. నాకు ఏడుపు ఆగలేదు.

బుల్లి మా ముగ్గురినీ వరసగా చూసింది. ఎవరికీ తెలియదని దానికి అర్థమైంది. ఏడవలేదు. పీట మీంచి దిగి కిరణ్మయి ఒళ్ళో కూర్చుంది, అంత పిల్ల కాకపోయినా.

"పిన్నీ, నీ గొంతు ఎప్పుడొస్తాది?"

కిరణ్మయి రెండు వేళ్ళు చూపించింది.

"రెండు వారాలా? వొచ్చినాక నాతోటి మాటాడు. నీ గొంతుతోటే. నాను గేపకం ఎట్టుకుంటాను."

కిరణ్మయి దాన్ని గట్టిగా పట్టుకుంది. ఆమె ఏడుస్తోందని వీపు కదలిక బట్టి తెలిసింది, చప్పుడు లేదు కాబట్టి. కాసేపటికి ఇద్దరూ లేచి వంటగదిలోకి వెళ్ళారు. మా అత్తగారు గోడకి జారబడి కూర్చుంది. ధనుంజయ్ ఖాళీ పీట ముందు కళ్ళు మళ్ళీ మూసుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటే దుర్గ నోట పెట్టి చూసుకుంటున్నాడు. నేను అన్నానికి పిలిచినా అతనికి వినపడలేదు.